ఇన్ని మంచి రైఫిళ్లు ఉండగా మందు కూరే తుపాకితో వేట ఎందుకు?

తమ్ముడూ, నువ్వు అడిగినవి రెండు. పిట్స్‌బర్గ్‌లో నీతో పనిచేసే ఆయన క్రిస్మస్ వెళ్లగానే చెకుముకి తుపాకి, అంటే మూతిలోంచి మందు కూరి రాయి రవ్వలతో పేల్చే పాత రకం, భుజాన వేసుకుని మంచులో జింకల వేటకు పోతాడు. ఇంట్లో స్కోప్ బిగించిన మంచి రైఫిల్ ఉన్నా ఆ రోజుల్లో దాన్ని ముట్టుకోడు. చాలాసార్లు ఉత్తచేతులతో తిరిగొస్తాడు, అయినా హుషారుగానే ఉంటాడు. ఇందులో ఏముంది అన్నది మొదటి ప్రశ్న. వింజమూరులో మీ ఇంటి అటక మీద మీ తాత వాడిన టోపీ తుపాకి, అంటే రాయికి బదులు చిన్న రాగి టోపీతో నిప్పు ముట్టించే రకం, ఉంది, ఈసారి ఊరికి వచ్చినప్పుడు దాన్ని తీసుకుని కొండకు పోవచ్చా అన్నది రెండోది. రెండోదానికి జవాబు చిన్నది: పోకూడదు. ఎందుకో చివర్లో చెప్తాను. మొదటిదానికి మాత్రం కాస్త ఓపిక కావాలి.

మాది సీతారామపురం వైపు, వెలిగొండల కింద పల్లె. పంట కాపలాకని ఇచ్చిన లైసెన్సు మీద మా నాయనకు ఒక టోపీ తుపాకి ఉండేది. వేరుశెనగ ఊడలు దిగి కాయ పట్టే రోజుల్లో దాన్ని పక్కన పెట్టుకుని మంచె మీదే పడుకునేవాడు. తర్వాత నేను ఉద్యోగం మీద పెన్సిల్వేనియా పోయి చాలా ఏళ్లు ఉన్నాను. అక్కడి పద్ధతి ప్రకారం లైసెన్సు తీసుకుని చెకుముకి తుపాకితో వేట నేర్చుకున్నాను. ఇప్పుడు రిటైరై నెల్లూరులో ఉంటున్నాను.

నేను చెప్పేది ఒక్కటే. ఈ రకం తుపాకి చేతిలో ఉంటే జంతువుకు బాగా దగ్గరగా పోక తప్పదు, పోయాక దక్కేది ఒక్క దెబ్బే. ఈ రెండు షరతుల వల్ల వేటలో ముఖ్యమైనదంతా ట్రిగ్గర్ నొక్కకముందే జరిగిపోతుంది. మీ ఆఫీసు పెద్దమనిషి మంచులో పడి తిరిగేది దాని కోసమే.

ముందు కూరడం గురించి చెప్పనివ్వు, ఎందుకంటే అసలు రుచి అక్కడే మొదలవుతుంది. ఇప్పటి తూటాలో మందు, గుండు, నిప్పు ముట్టించే టోపీ మూడూ ఫ్యాక్టరీలోనే అమర్చి వస్తాయి. ఇక్కడ ఆ పని మన చేతుల్లో జరగాలి. తుపాకి మడమ నేల మీద ఆనించి, గొట్టం మూతి ముఖానికి దూరంగా ఉండేట్టు పట్టుకుంటాం. మందు దాచుకునే కొమ్ములోంచి మందును నేరుగా గొట్టంలో పోయకూడదు. ముందు చిన్న ఇత్తడి కొలపాత్రలోకి, అందులోంచి గొట్టంలోకి. లోపల ఎక్కడైనా నిప్పు కణిక మిగిలి ఉంటే కొలపాత్రలో ఉన్న కాస్తే అంటుకుంటుంది, చేతిలో ఉన్న కొమ్ము పేలదు. తర్వాత కొవ్వు రాసిన గుడ్డముక్కను మూతి మీద పరిచి, నడుమ సీసపు గుండు పెట్టి బొటనవేలితో అదమాలి. అరంగుళం గొట్టానికి వేసే గుండు సుమారు పదకొండు గ్రాములుంటుంది. అంత చిన్న గుండుకు ఆ బరువేమిటా అని మొదటిసారి పట్టుకున్నవాళ్లు అరచేతిలో ఎగరేసి చూస్తారు.

ఇక కూరే కర్ర. దాన్ని గొట్టం మూతికి జానెడు ఎత్తులో పట్టుకుని కొద్దికొద్దిగా దించాలి. పైకొసన పట్టుకుని ఒక్క తోపు తోస్తే కర్ర విరిగి, విరిగిన మొన అరచేతిలోకి దిగుతుంది. గుండు మందు మీద కూర్చున్న సంగతి చేతికే తెలుస్తుంది. అప్పటిదాకా జారుతూ పోయిన కర్ర ఒక్కసారిగా గట్టిగా ఆగుతుంది. కర్ర మీద ముందే గీసి పెట్టుకున్న గీత మూతితో సమంగా వచ్చిందో లేదో చూసుకోవాలి. గుండుకూ మందుకూ మధ్య ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బిపోవచ్చు, చీలిపోనూ వచ్చు. ఇదంతా అయ్యాక పక్కనున్న చిన్న గిన్నెలో చిటికెడు మెత్తటి మందు, అంటే రంజకం, పోసి దాని మీద ఉక్కు పలక మూస్తాం. మంచు కురిసే రోజున గిన్నెలోని మందు చెమ్మగిల్లి ముద్దవుతుంది. అందుకని దాని మీద కొవ్వు పట్టించిన తోలు ముక్క కట్టుకుంటారు. గంటకోసారి ఆ తోలు ఎత్తి, పాత మందు తుడిచేసి కొత్తది పోసుకోవాల్సిందే. పొద్దుటి నుంచి ఇలా చూసుకుంటూ ఉన్నా సాయంత్రం గుర్రం (ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తి లాంటి భాగం) పడ్డప్పుడు టిక్‌మని చప్పుడొచ్చి ఊరుకోవచ్చు. అలా ఊరుకుంటే వెంటనే దించకూడదు. లోపల నిప్పు ఆలస్యంగా పాకుతూ ఉండొచ్చు కాబట్టి గొట్టం మంచి దిక్కుకే పెట్టి నిమిషంపాటైనా కదలకుండా ఉండాలి.

ఈ వరుసలో మనసు పక్కకు పోతే ఏమవుతుందో తెలియాలంటే నీకు మూడు గంటల దూరంలోనే గెటీస్‌బర్గ్ ఉంది. 1863లో అక్కడ యుద్ధం అయిపోయాక మైదానంలో ఏరిన తుపాకులు 27 వేల పైచిలుకు. వాటిలో దాదాపు 24 వేలు మందు కూరినవి కూరినట్టే ఉన్నాయి. అందులో సగానికి ఒక మోతాదు మీద ఇంకో మోతాదు పడి ఉంది. ఒకదాంట్లో ఏకంగా 23 మోతాదులు దొరికాయి. భయంలో ఆ సైనికుడు కూరుతూనే ఉన్నాడు గానీ తుపాకి పేలలేదని గమనించలేదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కూరేటప్పుడు ఎవరితోనూ మాట్లాడరు. మీ ఆఫీసు పెద్దమనిషి వెంట ఎప్పుడైనా పోతే ఆ రెండు నిమిషాలు ఆయన్ని పలకరించకు.

పేలే తీరు కూడా వేరు. ట్రిగ్గర్ నొక్కితే గుర్రం పడి చెకుముకి రాయి ఉక్కు పలకను గీరుతుంది. రవ్వలు గిన్నెలో రాలి రంజకం భగ్గుమంటుంది. ఆ మంట గొట్టం పక్కనున్న సన్నని బెజ్జంలోంచి లోపలికి పోయాక గానీ అసలు మందు అంటుకోదు. ఇదంతా రెప్పపాటే, అయినా మనిషికి తెలిసేంత రెప్పపాటు. కంటి ముందే మంట లేస్తుంటే తల పక్కకు తిప్పకుండా, గుండు బయటికి పోయేదాకా గురి వదలకుండా ఉండడం చాలా కష్టం. రైఫిల్‌తో ఏళ్ల తరబడి కాల్చినవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి తడబడతారు.

ఆ రెప్పపాటు వల్లే చరిత్రలో పెద్ద మార్పు వచ్చింది. స్కాట్లండ్‌లో బెల్‌హెల్వీ అనే ఊళ్లో అలెగ్జాండర్ జాన్ ఫోర్‌సైత్ అనే మతగురువు ఉండేవాడు. నీటి పక్షుల వేటంటే ఆయనకు ప్రాణం. గిన్నెలో మంట లేవగానే బాతులు దాన్ని చూసి, గుళ్లు వచ్చేలోపు మునిగిపోయేవి. ఈ బాధ పడలేక ఆయన దెబ్బ తగిలితేనే మండే రసాయనాల మీద పనిచేసి, 1807లో పేటెంటు తీసుకున్నాడు. ఆ దారిలోనే 1820ల నాటికి దెబ్బ తగిలితే మండే మందు పెట్టిన రాగి టోపీలు వచ్చి చెకుముకి రాయి మూలపడింది. మీ తాత తుపాకీ, మా నాయన తుపాకీ ఆ బాతుల పుణ్యమే.

ఫోర్‌సైత్ వదిలించిన ఆ ఇబ్బందిని పెన్సిల్వేనియా వాళ్లు 1974లో కోరి మళ్లీ తెచ్చుకున్నారు. జింకల వేటకు చెకుముకి తుపాకి మాత్రమే వాడే సీజన్ ఒకటి పెట్టారు. మిగతా చాలా రాష్ట్రాల్లో టోపీ తుపాకి కూడా వాడొచ్చు, వీళ్లు మాత్రం ఆ చివరి సీజన్‌కు రాయే ఉండాలన్నారు. అక్కడి వన్యప్రాణి శాఖ లెక్కలో దానికి అర్థముంది. రైఫిల్ సీజన్ పొడిగిస్తే జింకలు మరీ ఎక్కువ పోతాయి. ఈ తుపాకి అయితే జనానికి అడవిలో తిరిగే రోజులు పెరుగుతాయి, పడే జింకలు మాత్రం అంతగా పెరగవు. కానీ అక్కడికి పోయేవాళ్లు ఆ లెక్క కోసం పోవడం లేదు.

దూరం సంగతి చెప్తాను. గుండ్రటి సీసపు గుండు గాలిలో తొందరగా అలిసిపోతుంది. వంద గజాలు పోయేసరికి వేగం సగానికి దగ్గరగా పడిపోతుంది. లోపల మరలు, అంటే గుండును తిప్పే మెలి గాడులు, కోసిన మంచి గొట్టమే అయినా, ఇనుప గురికాయలతో చూస్తూ నేను యాభై అరవై గజాలు దాటి కాల్చను. మరలు లేని గొట్టమైతే ఇంకా తక్కువ. పాత ఇంగ్లీషు సిపాయిల మస్కెట్టు గొట్టం ముప్పావు అంగుళం, గుండు అంతకంటే బాగా చిన్నది. కూరడం సులువు కావాలని అలా చేశారు. దాంతో గుండు గొట్టంలో అటూ ఇటూ తగులుకుంటూ పోయి ఎటో తేలేది. స్కోప్ రైఫిల్ ఉన్నవాడు ఎదురు కొండ మీది జింకను ఇవతల కొండ మీంచే చూసుకుంటాడు. దానికి వీడున్నట్టే తెలియదు. యాభై గజాల్లోకి పోవాలనుకునేవాడికి ఆ సుఖం లేదు. గాలి ఎటు వీస్తోందో, ఎండుటాకు ఎక్కడుందో, జింక తల ఎప్పుడు దించుతుందో అన్నీ పట్టించుకోవాలి. దాని చెవుల్లో ఒకటి ఇటు తిరిగిందంటే మోకాలు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాలి. తెల్లతోక జింకకు అనుమానం వస్తే ముందుకాలు నేలకేసి కొడుతుంది. ఆ చప్పుడు అరవై గజాల నుంచి విన్నప్పుడు మన గుండె చప్పుడు కూడా దానికి వినపడుతుందేమో అనిపిస్తుంది. తోక ఎత్తిందంటే ఆ రోజుకు అంతే.

నాకు ఈ విద్య పెన్సిల్వేనియాలో కొత్తగా అబ్బింది కాదు. మా ఊళ్లో ఒక యానాది తాత ఉండేవాడు, నాయనకు కాపలాలో తోడు. పంది గిట్ట ముద్ర చూసి అది ఎప్పుడు పోయిందో చెప్పేవాడు. ముద్ర అంచు పదునుగా ఉందా, ఎండి రాలిందా చూసేవాడు. దాని లోపల రాత్రి తిరిగే పురుగుల జాడలు పడి ఉంటే పొద్దు గుంకిన కాసేపటికే పోయినట్టు. మంచు బొట్లు రాలిన గుంటలు ముద్ర పైన ఉంటే తెల్లవారకముందు, మంచు తడిని ముద్రే చెరిపి ఉంటే ఇప్పుడిప్పుడే. పందికి కళ్లు అంతంత మాత్రం, ముక్కు మాత్రం మహా చురుకు. అందుకని చేలోకి దిగే ముందు చిటికెడు దుమ్ము వదిలి గాలి చూసుకోనిదే అడుగు వేసేవాడు కాదు. నాయన చాలా రాత్రులు గుండు వేయకుండా మందు మాత్రమే దట్టించి పేల్చేవాడు. మంద బెదిరి కొండెక్కేది, చేను మిగిలేది. ఆయనకు కావలసింది కాయ, పంది కాదు. కొండ ఎక్కడ, నీటి గుంట ఎక్కడ, ఏ దారిన మంద దిగుతుంది అన్నది మాత్రం ఆయనకు కంఠతా వచ్చు. పెన్సిల్వేనియా మంచులో మొదటిసారి జింక జాడ మీద వంగినప్పుడు నాకు పనికొచ్చింది ఆ తాత మాటలే. ఓక్ కాయలు రాలిన చోటు, గాలి తగలని గుబురు చెట్ల మరుగు, ఎండ పడే వాలు, ఇవి చూసుకుంటే జింక పడుకునే చోటు దొరుకుతుంది.

ఒక ఆడ జింక నాకు బాగా గుర్తు. పడిపోయిన మాను వెనక నేనున్నాను, నలభై గజాల్లో అది. గుర్రం పూర్తిగా లాగి ఉంది, గాలి నా వైపే వీస్తోంది. దాని భుజం మీదుగా వేలెడు లావు కొమ్మ ఒకటి అడ్డంగా ఉంది. గుండు ఆ కొమ్మను తాకితే ఎటు తిరుగుతుందో తెలియదు, రెండోది కూరడానికి నిమిషం పడుతుంది, గాయపడ్డ జింక ఆ నిమిషంలో ఇంకో లోయలో ఉంటుంది. అది ఒక్క అడుగు వేస్తే చాలని చూశాను. వేయలేదు. నెమరు వేస్తూ చాలాసేపు అక్కడే నిలబడి వెనక్కి తిరిగి పోయింది. గుర్రం మెల్లగా దించుకున్నాను. ఆటోమేటిక్ రైఫిల్ చేతిలో ఉండి ఉంటే ఆ కొమ్మ నా కంట పడేదే కాదు. వెనక మూడు తూటాలు ఉన్నాయన్న ధీమా మనిషి చూపును మందం చేస్తుంది.

దీనికి ఒక ఎదురుమాట ఉంది, అది న్యాయమైనదే. తక్కువ దూరం పోయే, ఆలస్యంగా పేలే తుపాకి వాడి జంతువును గాయపరిచే కంటే, సూటిగా ఒక్క దెబ్బలో పడగొట్టే రైఫిల్ దయగలది కాదా అంటారు. దూరం హద్దు పాటించనివాడి విషయంలో ముమ్మాటికీ నిజం. చెకుముకి తుపాకితో నూట యాభై గజాలకు కాల్చేవాడికి పాత పద్ధతి మీద గౌరవం ఉన్నట్టు కాదు, జంతువు మీద గౌరవం లేనట్టు. వేసవి అంతా కాగితం గురి మీద కాల్చి, తన చేతికి ఎంత దూరం నమ్మకమో తెలుసుకుని, ఆ గీత దాటనివాడికే ఇది తగుతుంది. దగ్గర నుంచి సరిగ్గా తగిలిన గుండు మాత్రం చాలా గట్టి దెబ్బ, అందులో లోటు లేదు.

1985లో టోనీ నైట్ అనే ఆయన ఇన్‌లైన్ అనే కొత్త రకం తెచ్చాడు. మూతిలోంచి కూరడం తప్ప మిగతా అంతా ఇప్పటి రైఫిలే. దాని మీద స్కోప్ పెట్టుకుని దూరం నుంచి కాల్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంట్లోకి మాంసం కావాలంటే మంచి సాధనమే. నువ్వు అడిగిన ఆకర్షణ మాత్రం అందులో ఉండదు, దగ్గరికి పోవాల్సిన అవసరాన్నే అది తీసేసింది కాబట్టి.

పొగ గురించి ఒక మాట. నల్లటి తుపాకి మందు కాలితే సగానికి పైగా ఘన పదార్థంగానే మిగులుతుంది. కొంత తెల్లటి పొగై ముందు గోడ కడుతుంది, కొంత గొట్టంలో మసిగా అంటుతుంది. కాల్చిన మరుక్షణం ఏమీ కనపడదు, గంధకం వాసన ముక్కుకు తగులుతుంది, తగిలిందో లేదో తెలియదు. ఆ పొగ తేలిపోయేదాకా ఉండే టెన్షన్ ఇంకే తుపాకిలోనూ లేదు. మసి గాలిలో చెమ్మను పీల్చి రాత్రికి రాత్రే ఇనుమును తినడం మొదలుపెడుతుంది. అందుకని ఎంత అలిసి వచ్చినా వేడి సబ్బునీళ్లతో గొట్టం కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాకే అన్నం. నాకు ఆ కడగడం కూడా ఇష్టమే. ఆ రోజు ఎక్కడెక్కడ తిరిగామో అప్పుడు ఇంటివాళ్లకు చెప్పుకుంటూ ఉంటాం.

నీకు నిజంగా చూడాలని ఉంటే మీ ఆఫీసు పెద్దమనిషి వెంట ఒకరోజు చేతిలో ఏమీ లేకుండా పోయి రా. నచ్చితే వేట లైసెన్సుకు ముందు అక్కడ శిక్షణ కోర్సు ఒకటి ఉంటుంది, అది పూర్తి చెయ్యి. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి పట్టుకోవడానికి ఫెడరల్ నియమాలు వేరుగా ఉంటాయి, ముందు అవి కనుక్కో.

ఇక మీ తాత తుపాకి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట కాపలాకు మూతిలోంచి కూరే తుపాకి లైసెన్సు ఇవ్వాలని పేరు పెట్టి మరీ రాశారు. మన మెట్ట పల్లెల్లో ఆ తుపాకులు అలా వచ్చినవే. కానీ అది తుపాకి ఉంచుకునే లైసెన్సు, వేట లైసెన్సు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణతో వేట పూర్తిగా నిషేధమైంది. పంట పాడుచేసే పందినైనా 11వ సెక్షన్ కింద అటవీ శాఖ రాతపూర్వకంగా అనుమతిస్తేనే, వాళ్లు చెప్పిన పద్ధతిలోనే కొట్టాలి. రాపూరు వైపు పెనుశిల నరసింహ అభయారణ్యంలోకైతే అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టడమే నేరం. కుందేలే కదా, కౌజు పిట్టే కదా అనే మాట చెల్లదు. వెలిగొండ అడవిలో మిగిలిన కణితులు, దుప్పులు చాలా కొద్ది. కరెంటు తీగలు, నాటు బాంబులు, ఉచ్చులు పెట్టి వాటిని, మేతకు పోయిన గొడ్లను, చివరికి మనుషులను కూడా చంపుతున్నవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. నేను ఇక్కడ కొండకు పోతే బైనాక్యులర్ ఒక్కటే పట్టుకుపోతాను. యాభై గజాల్లోకి పోయే విద్యకు ఏ చట్టమూ అడ్డం లేదు.

మీ తాత పోయాక లైసెన్సు ఎవరి పేరిటా మార్చలేదని రాశావు. అలా అయితే ఆ తుపాకి ఇంట్లో ఉండడమే నేరం. లైసెన్సు లేని తుపాకికి 2019 సవరణ తర్వాత రెండేళ్ల నుంచి అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. 21వ సెక్షన్ ప్రకారం దాన్ని దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ అప్పగించాలి. తర్వాత వారసుడిగా మీ నాన్న కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాత లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి ముందే వెతికి పెట్టుకోండి. నువ్వు వచ్చేదాకా ఆగొద్దు, మీ నాన్నకు ఈ వారమే ఫోన్ చెయ్యి.

ఆయనకు ఇంకో మాట తప్పకుండా చెప్పు. కాపలా తుపాకులను కూరి అలాగే పెట్టేసేవాళ్లు చాలామంది. పొడిగా ఉన్న నల్లటి తుపాకి మందు దశాబ్దాలైనా చావదు. కాబట్టి అది కూరి ఉందనుకునే వ్యవహరించాలి. గుర్రం లాగి చూడకూడదు, గొట్టంలోకి తొంగి చూడకూడదు, తుప్పు వదిలించాలని వేడి తగిలించకూడదు, పిల్లల చేతికి అస్సలు ఇవ్వకూడదు. అటక మీంచి దించకముందే స్టేషన్‌కు పోయి, పాత టోపీ తుపాకి ఉంది, లోపల మందు ఉందో లేదో తెలియదు అని చెప్పి, వాళ్ల మనిషిని పిలిపించుకుంటే మంచిది. అప్పగించాక తుపాకి మీది నంబరు, గొట్టం పొడవు రాయించి రసీదు తీసుకోమను. రేపు కలెక్టరేట్‌లో మొదట అడిగేది అదే.